ఒక సెమిస్టర్ విదేశంలో: బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలి?

కోకాపేట: 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100.75 కోట్ల రూపాయలు పలికింది. అదే కోకాపేట, నార్సింగి, గండిపేటల్లో నెల జీతం మీద నడిచే ఇళ్లూ చాలానే ఉన్నాయి. పిల్లల్ని ఒక్క సెమిస్టర్ బయటి దేశానికి పంపాలన్నా ఆ ఇళ్లలో అందరూ కూర్చుని లెక్క వేసుకోవాల్సిందే. నాలుగైదు నెలలే కదా అని తేలిగ్గా తీసుకుంటే డబ్బుతో పాటు ఏడాది చదువు కూడా పోవచ్చు.

ముందు క్రెడిట్లు

మీ కాలేజీకి, అక్కడి యూనివర్సిటీకి ఎక్స్‌చేంజ్ ఒప్పందం ఉంటే చాలాసార్లు ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ఒప్పందం లేకుండా సొంతంగా వెళ్తే అక్కడి ఫీజు కూడా మీరే కట్టాలి. ఏ దారిలో వెళ్లినా, అక్కడ చదివే సబ్జెక్టులు ఇక్కడ ఏ సబ్జెక్టులకు బదులుగా లెక్కలోకి వస్తాయో డిపార్ట్‌మెంట్ నుంచి రాసి, సంతకం చేయించి తీసుకోండి. నోటిమాట మీద వెళ్లొద్దు. మీరు తిరిగొచ్చేసరికి హెచ్‌ఓడీ మారిపోతే అడిగే దిక్కుండదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఆ నెలల్లోనే పడతాయేమో కూడా కనుక్కోండి.

వీసా

అమెరికాకు ఎక్స్‌చేంజ్ విద్యార్థులు ఎక్కువగా జే-1 వీసా మీద వెళ్తారు. దానికి అక్కడి యూనివర్సిటీ డీఎస్-2019 పత్రం పంపాలి. ఎఫ్-1 అయితే ఐ-20 పంపుతుంది. వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. సెవిస్ ఫీజు జే-1కు 220, ఎఫ్-1కు 350 డాలర్లు. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఉంటాయి. 2025 జూన్ నుంచి విద్యార్థులు సోషల్ మీడియా ఖాతాల ప్రైవసీని 'పబ్లిక్'లో పెట్టాలని అమెరికా అడుగుతోంది.

జర్మనీకి ఖర్చులకు డబ్బుందని చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు.

డబ్బు, టీసీఎస్

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపొచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఒక ఆర్థిక సంవత్సరంలో పంపింది 10 లక్షల రూపాయలు దాటితేనే, ఆ పైమొత్తం మీద బ్యాంకు టీసీఎస్ పట్టుకుంటుంది. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే టీసీఎస్ లేదు.

పట్టుకున్నా అది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ మీద పంపారో వాళ్ల 26ఏఎస్‌లో కనిపిస్తుంది. రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా రిఫండ్ వస్తుంది. అందుకే రిటర్న్ వేసే నాన్న పాన్ మీదో అమ్మ పాన్ మీదో పంపడం మేలు. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్ రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. మార్చి 31 లోపు కొంత, ఏప్రిల్‌లో మిగతాది పంపితే 10 లక్షల పరిమితి రెండుసార్లు దొరుకుతుంది.

చేతిలో విదేశీ నోట్లు 3,000 డాలర్ల విలువ వరకే తీసుకెళ్లొచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోండి.

సర్కారు సాయం

తెలంగాణ మైనారిటీల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2015లో మొదలైంది. ఇది విదేశాల్లో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చదివేవారి కోసం. ఒక్క సెమిస్టర్ ఎక్స్‌చేంజ్‌కు ఆశ పెట్టుకోవద్దు. తర్వాత పీజీకి వెళ్లాలనుకుంటే గుర్తుంచుకోండి: కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, సాయం 20 లక్షల వరకు వస్తుంది. మొదటి విడత అక్కడ దిగిన కాగితాలు చూపించాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం చూపించాక. అంటే టికెట్టుకు, మొదటి ఫీజుకు డబ్బు ముందే మీ దగ్గర ఉండాలి.

చివరి వారం

మందులకు డాక్టర్ చీటీ పెట్టుకోండి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఓటీపీలు వచ్చే ఇండియా సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, లేకపోతే అక్కడికెళ్లాక బ్యాంకు పని ఆగిపోతుంది. పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్, క్రెడిట్ల ఒప్పందం జిరాక్సులు ఒక సెట్ ఇంట్లో వదిలి వెళ్లండి. ఫీజులు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు అధికారిక వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి.