తల్లి గడపకు వచ్చిన చికిత్స

బిడ్డ పుట్టిన యింట నందరును సంతోషింతురు. ఆ బిడ్డను గన్న తల్లి గోడవైపు తిరిగి కన్నీరు గార్చుచున్నను విచారించువా రరుదు. కొందరు గాలి సోకినదని విభూతి పెట్టుదురు. గాలిని నమ్మని చదువరులు సోమరితన మందురు. నేనును ఒకప్పుడు నా చెల్లెలి విషయమున ఈ రెండవ తెగలో చేరినవాడనే. ఆమె యేడాదిపాటు పడిన బాధ వ్యాధియని నాకు చాల ఆలస్యముగా తెలిసినది. అందుచేతనే యీ చరిత్రమును వ్రాయబూనితిని.

విషాదము రోగమునకు సంబంధించినదనుట క్రొత్తమాట కాదు. రోగములను పెంచువానిలో విషాదమే ముఖ్యమని చరకసంహిత చెప్పుచున్నది. 1838లో ఎస్కిరోల్ అను ఫ్రెంచి వైద్యుడు, ప్రసవానంతరమున మనోవ్యాధికి లోనైన స్త్రీలలో ఆస్పత్రికి వచ్చువారికంటె ఇండ్లలోనే యుండి యే లెక్కకు నెక్కనివారే యెక్కువ యని గుర్తించెను. 1858లో మార్సే యను మరియొక ఫ్రెంచి వైద్యుడు గర్భిణుల యొక్కయు, బాలింతల యొక్కయు, పాలిచ్చు తల్లుల యొక్కయు మనోవ్యాధులను గూర్చి యొక గ్రంథమునే ప్రకటించెను. అయినను చికిత్స చిరకాలము ఆస్పత్రి గోడల లోపలనే యుండెను; రోగులలో పెక్కుమంది గోడల వెలుపల నుండిరి. ఆ దూరము క్రమముగా నెట్లు తగ్గినదో చూతము.

లండనులోని కేంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీలను పరిశీలించి బ్రౌన్, హారిస్ అను పరిశోధకులు 1978లో నొక పుస్తకము వెలువరించిరి. పసిబిడ్డలుగల శ్రామిక కుటుంబముల స్త్రీలయందు విషాదము మిక్కుటమనియు, మనసు విప్పి చెప్పుకొనుటకు ఆత్మీయులు లేకపోవుట దానికొక ముఖ్యకారణమనియు వారు చూపిరి. ఈ రెండవమాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

1987లో ఎడింబరోలో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనువారు పది ప్రశ్నల పత్రము నొకదానిని సిద్ధపరచిరి. తల్లి దానిని కొద్ది నిమిషములలో తానే పూరింపవచ్చును. పిమ్మట హోల్డెన్ మొదలగువారు, ఇండ్లకు పోయి శిశువులను చూచు నర్సులకు ఓపికతో వినుట నేర్పి, వారమున కొకమారు చొప్పున ఎనిమిదిమార్లు తల్లుల యొద్దకు పంపిరి. 1989లో ఫలితము వెలువడెను: అట్టి సహాయము పొందిన 26 మందిలో 18 మంది కోలుకొనిరి, పొందని 24 మందిలో 9 మంది మాత్రమే కోలుకొనిరి.

పాకిస్తానులోని రావల్పిండి పల్లెలలో ఆతిఫ్ రహమాన్ బృందము ఈ పనిని గ్రామ ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీల కప్పగించెను. వారు మానసిక వైద్యులు కారు. శిక్షణము పొందిన పొరుగు స్త్రీలు. 2008లో ప్రకటింపబడిన ఫలితమును బట్టి, బిడ్డకు ఆరునెలలు నిండుసరికి వీరు చూచిన తల్లులలో 23 శాతమునకును, శిక్షణములేని కార్యకర్తలు వచ్చిపోయిన తల్లులలో 53 శాతమునకును విషాదరోగము మిగిలియుండెను. వచ్చిపోవుట మాత్రము చాలదు. వినుటయు, ఆలోచనను దారిలో పెట్టుటయు నేర్చినవారు రావలెను.

మనిషి నడచి రాలేనిచోట నేమి గతి? అమెరికాలో బీదతల్లికి వైద్యునియొద్దకు పోవుటకు బస్సుకూలి లేదు, పనిలో సెలవు లేదు, బిడ్డను చూచువారు లేరు. బీదపిల్లలకై 1965లో నెలకొల్పబడిన హెడ్ స్టార్ట్ బడుల ద్వారా ఆరిగాన్ పరిశోధన సంస్థకు చెందిన లిసా షీబర్, సహచరులు 70 మంది తల్లులను చేర్చుకొని, ఎనిమిది పాఠములను అంతర్జాలము ద్వారా అందజేసిరి. చిన్నపనులను మరల చేపట్టుట, తన్ను తాను నిందించుకొను తలపును పరీక్షించుట వీనిలోని ముఖ్యాంశములు. 2012లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో తల్లుల విషాదము తగ్గుటయేగాక, బిడ్డలయెడ వారి ప్రవర్తనయు మెరుగుపడెను. 2017లో 266 మంది తల్లులతో జరిగిన పెద్ద పరిశోధనయు వెలువడెను. ఐతే ఒక సంగతి మరువరాదు: పాఠములు యంత్రములో నున్నను, సహాయకురాలొకతె వారమువారము తల్లితో టెలిఫోనులో మాటలాడుచుండెను. కేంబర్‌వెల్ స్త్రీలకు లేని ఆత్మీయురాలే యిచ్చట యంత్రము వెంట వచ్చినది!

మనదేశమున 2022 అక్టోబరు 10న టెలి మానస్ ఆరంభమైనది. 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. కాని ఫోను భర్త చేతనో అత్తగారి చేతనో ఉన్నయింట ఈ సదుపాయము తల్లి కెట్లు చేరును? ఆమెకు ఏకాంతముగా ఒక అరగంట దొరుకనిచో అంతర్జాలము ప్రపంచమంతయు వ్యాపించినను ఆమె గదిలోనికి రాజాలదు. తన్నుగాని బిడ్డనుగాని హింసించుకొనవలెనను తలపు కలిగిన తల్లికి ఫోను చాలదు. వెంటనే వైద్యుని చూపవలెను.

దాదాపు రెండు శతాబ్దములలో చికిత్స ఆస్పత్రి నుండి వీధిలోనికి, వీధి నుండి గడపకు వచ్చినది. గడప దాటించుట మన పని. బాలింతను చూడబోయినవారు బిడ్డ యెవరి పోలికయని యడుగుటకు ముందు, "అమ్మా, నీ కెట్లున్నది?" అని యడిగి, ఆమె చెప్పునంతవరకు కూర్చుందురుగాక. నేను నా చెల్లెలి నడుగవలసిన ప్రశ్న అదియే.