మణికట్టులోని పడవయెముక

నాలుగేండ్లక్రిందట చెరువుగట్టుమీద కాలుజాఱి, కుడియరచేయి నేల కానించి పడితిని. మణికట్టు కొంచెము వాచెను. అందఱును బెణుకనిరి. నేనును అట్లే తలచి తైలము రాచుకొంటిని. ఆఱునెలలు గడచినను చేదతో నీళ్లు తోడలేకపోతిని. లోపల నొక చిన్నయెముక విఱిగి, అతుకకయే యున్నదని అప్పుడు తెలిసినది. ఆ విఱుగుడు చరిత్రమే నేటి నా ప్రసంగము.

మణికట్టున ఎనిమిది చిన్నయెముకలు గలవు. అందు బొటనవ్రేలివైపుదానికి దాని యాకారమును బట్టి పాశ్చాత్యులు గ్రీకుభాషలో పడవ యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. 1814లో డబ్లిను వైద్యుడు అబ్రహాము కాలిసు ముంజేతియెముక మణికట్టుచెంత విఱుగుటను వర్ణించెను. ఆ విఱుగుడున చేయి వంకరపోవును గనుక కంటి కగపడును. పడవయెముక విఱిగినను చేయి సాధారణముగ వంకరపోదు. అందుచే నది బెణుకులలో కలిసిపోయెను.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జెను ఎక్సుకిరణములను కనుగొనెను. మాంసముచాటు యెముకల నీడ పటముపై పడజొచ్చెను. 1905లో బోస్టను వైద్యులు కాడ్మను, చేజు ఈ విఱుగుడును గుర్తించుటను గూర్చియు, చికిత్సను గూర్చియు వ్యాసము ప్రకటించిరి.

అయినను మొదటిదినపు పటమున విఱుగుడు కనబడకపోవచ్చును. బొటనవ్రేలిని వెనుకకు చాచిన దాని మొదట నొక గుంట యేర్పడును. ఐరోపావారు అందు పొడుము పోసికొని పీల్చెడివారు. కావున వైద్యులు దానిని పొడుముడబ్బి యందురు. పడవయెముక దాని యడుగున నున్నది. అచ్చట నొక్కిన నొప్పి పుట్టెనేని, పటము బాగుగ నున్నను కట్టుకట్టి, పది పదునాలుగు దినములకు మరల పరీక్షింతురు.

ఇంత జాగ్రత్త యేల? ఈ యెముకకు నెత్తురు చాలవఱకు వ్రేళ్లవైపునుండి ప్రవేశించి వెనుకకు పాఱును. నడుమ విఱిగిన, కాలువ తెగిన శివారుమడివలె వెనుకతునక యెండిపోవచ్చును. కావుననే పిండికట్టు పెక్కువారములుండవలెను.

1984లో సిడ్నీ వైద్యుడు హెర్బర్టు రెండు తునకలను దగ్గఱకు లాగిపట్టు మఱను ప్రకటించెను. 2020లో ఇంగ్లండు, వేల్సులందు 439 మందిపై జరిగిన పరిశోధన ఫలితము వెలువడెను. తునకలు అంతగా తొలగనిచో, ఏడాదికి కట్టైనను మఱయైనను ఫలము ఇంచుమించు సమానమే. ముందు కట్టు కట్టి, అతుకనివారికి వెంటనే శస్త్రచికిత్స చేయవలెనని తేలినది.

నాకు తుంటియెముక ముక్క తెచ్చి యతికిరి. చేయి నిలిచినది గాని, మునుపటి పట్టు రాలేదు. మీ యింట నెవరైన అరచేయి యానించి పడినచో, తైలపుగిన్నె తీయకముందు ఆ గుంటను నొక్కి చూడుడు. నొప్పియున్న వైద్యునియొద్దకు పంపుడు.