పగిలిన కుండ పలుకు

మైపాడు సముద్రం ఒడ్డున కూర్చుంటే ఎప్పుడైనా ఓ విమానం నెత్తిమీదుగా పోతుంది. మా మనవరాలు చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను గానీ, అది కనుమరుగయ్యేదాకా చూపు తిప్పుకోను. ఈ అలవాటు నాకు మా పెద్దమ్మ నుంచి వచ్చింది.

1976 అక్టోబరు. దసరా వెళ్ళిపోయి దీపావళి కోసం ఎదురుచూస్తున్న రోజులు. నేను మైపాడులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. రేడియోలో వార్త వచ్చింది. బొంబాయి నుంచి మద్రాసు బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలిపోయింది, అందులో ఉన్న 95 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పెద్దమ్మ చేతిలో చేట ఆగిపోయింది. వాళ్ళబ్బాయి ఉద్యోగం బొంబాయిలోనే. పండక్కి రావాలి.

"వాడు వచ్చేది రైల్లో కదా పెద్దమ్మా! విమానం టిక్కెట్టు కొనే జీతమా వాడిది?" అన్నాను.

"అది నాకూ తెలుసు మే. అయినా జాబు వచ్చిందాకా నాకు అన్నం సయించదు" అంది.

నాలుగో రోజు జాబు వచ్చింది. నాచేత రెండుసార్లు చదివించుకుని, మడిచి బొడ్లో దోపుకుని, "మన వాడి జాబు వచ్చింది. ఆ తల్లులందరికీ ఎక్కడి నుంచి వస్తుంది?" అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత్తర్వాత నేను ఆ విమానం సంగతి వెతికి చదివాను. దాని పేరు కారవెల్. ఫ్రాన్సులో తయారై 1955లో మొదటిసారి ఎగిరింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు 1964లో తెచ్చుకున్న తొలి జెట్ విమానాలివే. ఇంజన్లు రెండూ రెక్కల కింద కాకుండా తోక దగ్గర ఉంటాయి. కిటికీలు మూలలు గుండ్రం చేసిన త్రికోణాలు. చూడటానికి ముచ్చటైన విమానం.

అక్టోబరు 12, అర్ధరాత్రి దాటాక అది శాంతాక్రజ్ నుంచి లేచింది. లేచిన కాసేపటికే కుడి ఇంజన్ పాడైంది. పైలట్లు వెంటనే వెనక్కి తిప్పారు. రన్‌వే ఇంకాస్త దూరంలో ఉందనగా విమానం అదుపు తప్పి నేలకు కొట్టుకుంది. అందులో మలయాళ నటి రాణీచంద్ర ఉంది, తల్లీ చెల్లెళ్ళతో సహా. ఆమె నటిస్తున్న తమిళ చిత్రం 'భద్రకాళి'ని మరో అమ్మాయిని పెట్టి పూర్తిచేశారు.

ఒక ఇంజన్ పోతే రెండోదానితో దిగొచ్చు కదా అని మీకూ అనిపిస్తుంది. అసలు ఏర్పాటు అదే. కానీ ఇంజన్‌లో గాలిని అదిమే చక్రాల్లో పదో వరస చక్రానికి సన్నటి బీట పడి ఉంది. అది పగిలి ముక్కలు ఎగిరితే చమురు గొట్టం తెగింది, మంట లేచింది. ఆ మంటకు చుక్కానిని కదిలించే ద్రవం కాస్తా కారిపోయింది. ఇంజన్‌కు వెళ్ళే చమురు ఆపకపోవడంతో మంటకు మేత అందుతూనే ఉంది.

స్టవ్ అంటుకుంటే ముందు గ్యాసు కట్టెయ్యాలని మనకు తెలుసు కదా, వాళ్ళకు తెలీదా అని నేనూ అనుకున్నాను. తర్వాత నాకే సిగ్గేసింది. పగలు, నేలమీద నిలబడి, పొయ్యి మీద నూనె భగ్గుమంటేనే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు. చీకట్లో, గాల్లో, వెనక మంటతో ఆ కాసేపు ఎలా గడిచిందో ఎవరం చెప్పగలం? పోయినవాళ్ళ మీద తప్పు వెయ్యడం తేలిక, వాళ్ళు తిరిగి మాట్లాడరు గనక.

అసలు సంగతి ఆ బీట. ఇనప తీగని అటూ ఇటూ వంచుతుంటే మొదట ఏమీ కాదు, ఓ వంపుకి పుటుక్కున తెగుతుంది. లోహం కూడా అలసిపోతుందన్నమాట. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్. 1952లో సర్వీసులోకి వచ్చింది, 1954లో రెండు కామెట్లు గాల్లోనే విడిపోయాయి. కారణం ఈ అలసటే అని నీళ్ళతొట్టిలో విమానాన్ని పెట్టి పరీక్షలు చేసి తేల్చారు. విమానం గురించి మనిషి నేర్చుకున్న ప్రతి పాఠానికీ ఎవరో ఒకరి ఇంటి దీపం ఖరీదు.

ఇప్పుడు ఇంజన్ భాగాల్లో బీటలు పట్టడానికి రంగునీళ్ళు పూస్తారు, చెవికి వినపడని ధ్వనిని పంపి చూస్తారు. కడుపులో బిడ్డని చూసే స్కానింగ్ లాంటిదే. చదువుతుంటే నాకు పెద్దమ్మే గుర్తొచ్చింది. సంతలో ఏ కుండా వేలితో కొట్టి చెవి పెట్టి వినకుండా కొనేది కాదు. కంగుమంటేనే చంకనెత్తుకునేది. బొక్కుమంటే, కంటికి బీట కనపడకపోయినా సరే, అక్కడే దించేసేది.

మొన్న మా మనవరాలు అడిగింది, "విమానం వెళ్ళిపోయింది కదా అమ్మమ్మా, ఇంకా ఏం చూస్తున్నావు?" అని.

"దాన్ని ఎక్కించే ముందు ఎవరో తట్టి చూసే ఉంటార్లే" అన్నాను. దానికేం అర్థమైందో గానీ, ఈసారి అది కూడా చివరిదాకా చూసింది.