రామన్నపేట ప్రాంతంలో నేల సారం పెంచే పద్ధతులు

రామన్నపేట యాదాద్రి భువనగిరి జిల్లాలోని మండల కేంద్రం. 2016 జిల్లాల విభజనకు ముందు నల్గొండ జిల్లాలో ఉండేది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఎక్కువగా కనిపించే ఎర్ర చెలకలే ఇక్కడా విస్తారం. చెలకలో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వాన పడ్డ నాలుగు రోజులకే తేమ ఆరిపోతుంది. 2000 తర్వాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ కర్నూలులోనూ వాటర్‌షెడ్ గ్రామాల పొలాల మట్టిని పరీక్షించిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తృతంగా ఉన్నాయని తేల్చింది.

ఐదెకరాల లోపు రైతు సారం పెంచే పనికి ఎప్పుడు పూనుకుంటాడు? అవగాహన లేక వెనకాడుతున్నాడనే మాట తరచూ వినిపిస్తుంది గాని, అది సగం నిజమే. ఫలితం ఆ పంటలోనే కనబడాలి, పెట్టుబడి చేతిలో ఉండాలి, భూమి తనదై ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోట ఎవరూ చెప్పకుండానే పని జరుగుతుంది.

అందుకు చెరువు మట్టే సాక్ష్యం. ఎండాకాలంలో చెరువు ఎండగానే పూడిక తవ్వి చెలకకు తోలడం ఇక్కడి పాత అలవాటు. ట్రాక్టరు ట్రక్కులతో తెచ్చి పొలంలో కుప్పలు పోస్తారు, తొలకరికి ముందు పారలతో చిమ్మి దున్నుతారు. తోలే ముందు మట్టిని చేతిలో నలిపి చూస్తారు. చవుడు ఉంటే వద్దంటారు. బంక మట్టి కలిసిన చెలక తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. వాన ముఖం చాటేసినప్పుడు పక్క పొలంలో పత్తి వాడిపోతుంటే ఇక్కడ నిలబడుతుంది. ఒకసారి తోలితే కొన్నేళ్లు పనిచేస్తుంది. 2015 మార్చిలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, రవాణా ఖర్చు రైతుది. అంత ఖర్చు నెత్తినేసుకుని రైతులు మట్టి తోలుకున్నారంటే దాని విలువ వాళ్లకు తెలుసు కనుకనే.

గొర్ల మందను రాత్రిళ్లు పొలంలో పెట్టించడం మరో పద్ధతి. గొల్లకురుమలకు ధాన్యమో డబ్బో ముట్టజెప్పి, మందను రోజుకో చోటికి మారుస్తూ పోతే పెంటతో పాటు మూత్రం కూడా నేలకే దక్కుతుంది. ఇంటి పశువుల పెంట మాత్రం తగ్గిపోతోంది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాక పెంటదిబ్బలూ చిన్నవయ్యాయి.

జనుము, జీలుగు వేసి పూత దశలో కలియదున్నడం బోరు కింది వరి మడుల్లో సాగుతుంది. వానాధార చెలకలో కష్టం: తొలి వాన తేమను పచ్చిరొట్టకు ఇస్తే అసలు పంట అదను తప్పుతుంది. అందుకే అక్కడ పత్తిలో కంది సాళ్లు వేయడం మేలు. రాలిన కందాకు నేలకు ఎరువవుతుంది, గింజ ఇంటికొస్తుంది. గట్ల మీద గిరిపుష్పం పెంచి కొమ్మలు నరికి పొలంలో వేయడమూ మంచిదే, కాని ఆ కోతకు కూలీలు దొరకాలి.

వీటికి పోటీగా నిలిచేది యూరియా. రాయితీతో 45 కిలోల బస్తా 266.50 రూపాయలకు వస్తుంది, చల్లిన వారంలోనే చేను పచ్చబడుతుంది. కాని దాంతో నత్రజని ఒక్కటే అందుతుంది. జింకు, బోరాన్ కొరత అలాగే ఉంటుంది.

కౌలు రైతు సంగతి వేరు. మాట మీద ఏడాదికి తీసుకున్న చెలకకు అతడు చెరువు మట్టి తోలించడు, వచ్చే ఏడు ఆ పొలం ఎవరి చేతికి పోతుందో తెలియదు. 2018లో వచ్చిన రైతుబంధు పథకం పెట్టుబడి సాయమూ పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు.