మోక మీద ఉన్న భూమి, కంప్యూటర్‌లో ఉన్న భూమి

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పరీక్షలు అయిపోయినయ్ కాబట్టి కూర్చొని రాసినం, తీరికగా చదవండి.

ఎండాకాలం సెలవుల్లో మా హాస్టల్ వాళ్లం నలుగురం ఒక మిత్రుని ఊరికి పోయినం. వాళ్ల పెద్దబాపుకు ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉంది. పట్టా మీద రాసి ఉన్న కొలతలను ఫోన్‌లో వేసి చూస్తే ఆ చేను వాగు అవతల, రాళ్లగుట్ట మీద కనబడ్డది. మేమేమో వాగు ఇవతల, ఆయన పత్తి కట్టె పీకిన చేన్లనే నిలబడి ఉన్నం. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతది, చెట్ల కింద ఇంకొంచెం ఎక్కువ తప్పుతది. కానీ వాగే దాటుతదా? పెద్దబాపు నవ్వి, "నేను ఇక్కడ నిలబడ్డ. మీ ఫోన్ల నేను అక్కడున్ననా?" అన్నడు. ఆ మాట మమ్మల్ని వదల్లేదు. దాని చరిత్ర వెతుకుతూ పోతే ఈ వ్యాసం అయింది.

ఇప్పుడు కాలేజీల్లో 'డిజిటల్ ట్విన్' అనే మాట బాగా వినబడుతోంది. ఒక నిజమైన వస్తువుకు కంప్యూటర్‌లో కవలను తయారు చేయడం అన్నమాట. ఇంజనుకో, వంతెనకో, ఊరికో అట్లా చేస్తరు. 2002లో అమెరికాలో మైఖేల్ గ్రీవ్స్ అనే ఆయన ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. పేరు ఆ తర్వాత వచ్చింది. తయారు చేయడం ఒక ఎత్తు, రోజూ నిజంతో సరిపోల్చి ఉంచడం ఇంకో ఎత్తు. అసలు మారితే కవల కూడా మారాలి. లేకపోతే అది పాత ఫోటోతో సమానం.

దీనికి అందరూ చెప్పే పాత ఉదాహరణ అపోలో 13. 1970 ఏప్రిల్‌లో చంద్రుని దిక్కు పోతున్న ఆ నౌకలో, భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆక్సిజన్ ట్యాంకు పేలింది. కింద శిక్షణ కోసం కట్టిన నమూనా నౌకలు ఉన్నయ్. పైన ఏది పాడైందో, ఎంత కరెంటు మిగిలిందో విని, నమూనాలను కూడా అదే స్థితికి తెచ్చి, అందులో కూర్చొని దారి వెతికారు. పైనున్న ముగ్గురూ బతికి వచ్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. నౌకకూ నమూనాకూ తేడా వచ్చినప్పుడు వాళ్లు నమూనాను దిద్దారు. నౌక చెప్పేది అబద్ధం అనలేదు.

మరి మన దగ్గర ఏం జరిగింది?

భూమికి కాగితం మీద కవలను తయారు చేయడం మనకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ కాలంలో, 1870ల్లో, సర్వే సెటిల్‌మెంట్ మొదలైంది. కొలిచి, నంబరు వేసి, పట్టాదారు పేరు రాసుడు. మైదానంలో ఏటా అదే పొలం దున్నేవాళ్లకు అది సరిపోయింది. ఆదిలాబాద్ గుట్టల మీద గోండులు, కోలాములు అట్లా చేయలేదు. తేలిక నేలను కొన్నేండ్లు దున్ని, కొన్నేండ్లు బీడు విడిచి, మళ్లీ వచ్చి దున్నేవాళ్లు. బీడు కూడా వాళ్లదే. కానీ అడవి గీతలు గీసిన రోజు బీడుగా ఉన్న భూమి, ఎవరూ లేని భూమిగా లెక్కలోకి పోయి రిజర్వు అడవిలో కలిసింది. ఏండ్ల మీద తిరిగే సాగును ఒక్క రోజు బొమ్మ ఎట్లా పట్టుకుంటది? గీత తప్పు అని ఎవరూ అనలేదు. మన వాళ్లనే ఆక్రమణదారులు అన్నారు. గుడిసెలు కాలినయ్, పంటలు పోయినయ్. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది ఈ భూమి కోసమే.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండులు దున్నే భూములకు వేరేవాళ్లు పట్టాలు చేయించుకున్న తీరును రాసి పెట్టాడు. 1940ల చివరికల్లా ఆదిలాబాద్‌లో 11 వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలు అందినయ్. కాగితాన్ని మోక మీది నిజానికి దగ్గరగా తెచ్చిన కాలాలు మన చరిత్రలో చాలా తక్కువ. ఇది అందులో ఒకటి.

కాగితం, భూమి సరిపోయి ఉండటానికి పాత పద్ధతి ఒకటి ఉండేది. అదే పహాణీ. ఏటా చేను చేనుకు తిరిగి ఏ పంట ఉంది, పట్టా ఎవరిది, కబ్జాలో ఎవరున్నారు అని వేరువేరు గడుల్లో రాయాలి. పట్టాదారు ఒకరు, దున్నేది ఇంకొకరు అయితే ఆ తేడా కాగితం మీద కనబడేది. పట్వారీ చేన్లకు రాకుండా ఇంట్ల కూసొనే రాసిన కథలు మన తాతలు ఎన్నో చెప్తరు. అయినా గడి అంటూ ఉంటే కొట్లాడటానికి ఒక ఆధారం ఉంటది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది, దాంట్ల కబ్జాదారు గడి లేకుండా పోయింది. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కింది కానీ, దున్నేవాడు అందులోంచి జారిపోయాడు.

అపోలో 13 ఏడాదే మనకూ ఒకటి జరిగింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు చూపేదాకా, గిరిజనుల నుంచే వచ్చిందని అనుకోవాలని అది చెప్పింది. అంటే చేతిలో కాగితం ఉన్నంత మాత్రాన అయిపోదు, దాని వెనక నిజం చూడాలన్నమాట. అమలు ఎట్లా ఉందో మీ ఊర్లను చూస్తే మీకే తెలుస్తది.

2006 అటవీ హక్కుల చట్టంలో ఇంకా స్పష్టంగా ఉంది. హక్కుల కమిటీ మోక మీదికి పోయి చూడాలి. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాని పెద్దమనుషుల మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యమే. 2012లో నిబంధనలు సవరించినప్పుడు, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలి తప్ప వాటి స్థానంలోకి రాకూడదని రాశారు. ఎందుకంటే బీడు విడిచిన పోడు పైనుంచి చూస్తే పొదలే కనబడతయ్, 1870ల నాటి తప్పు మళ్లీ జరుగుతది. ఇంకో మాట కూడా ఉంది, దీన్ని మేం మూడుసార్లు చదివినం. హక్కుపత్రాలు ఇచ్చాక రెవెన్యూ, అటవీ శాఖలు తుది పటం తయారు చేసి, ఆ హక్కులను తమ రికార్డుల్లో ఎక్కించాలి. అదీ రాష్ట్ర చట్టం చెప్పిన గడువు, మూడు నెలలు, ఈ రెండింట్లో ఏది ముందైతే ఆ లోపు. ఇంజనీర్లు 'సింక్' అంటరే, అదే ఇది. మన చట్టంలో ముందే ఉంది.

పెద్దబాపుకు పట్టా వచ్చి ఏండ్లు దాటింది. ఆఫీసుకు పోతే కంప్యూటర్ తిప్పి, "ఇందులో ఇట్లనే ఉంది" అన్నారు. మోక మీదికి వచ్చి చూడమని అడిగితే, కంప్యూటర్‌లో ఉన్నదే నిజం అన్నట్టు మాట్లాడారు. తప్పు ఎక్కడ జరిగిందో, కొలిచిన రోజా, ఎక్కించిన రోజా, మాకు తేలలేదు. ఆయనకు మాత్రం ఒక్కటే భయం. "నేను ఉన్నన్ని రోజులు ఊరంతా నా చేను అంటది. నేను పోయినంక పిల్లలు గుట్ట మీద దున్నాల్నా?" ఈ హక్కు వారసత్వంగా పిల్లలకు వస్తది, అమ్మరాదు. తప్పు కొలతతోని వస్తే వాళ్లకు వచ్చేది రాళ్లే.

అందుకని మేం చేసింది చిన్న పని. ఆయనతోని హద్దు వెంట నడిచి ప్రతి మూలన ఆగి కొలతలు రాసుకున్నం. వాగు, ఇప్పచెట్టు, పాత గట్టు ఎక్కడున్నయో చేతితోనే పటం గీసినం. ఇద్దరు ముసలివాళ్ల మాట వేలిముద్రలతో రాయించినం. అది గ్రామసభ ముందు పెట్టి, తీర్మానం చేయించి, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నం. జవాబు ఇంకా రాలేదు.

దండారికి ఇంటికి పోయినప్పుడు మీరూ ఈ పని చేయండి. ఇంట్లో పట్టా అడిగి తీసి, దాని మీది కొలతలు చేనుతో సరిపోతున్నయా చూడండి. పట్టాలో భార్య పేరు కూడా ఉందా, చనిపోయినవాళ్ల పేరు మీదనే ఉందా చూడండి. తేడా ఉంటే తేదీ వేసి రాసుకోండి, గ్రామసభలో పెట్టండి. ఏ ఊర్లో ఏం తేలిందో ఈ పోస్టు కిందనే రాయండి, అన్నీ ఒక నోట్‌బుక్కులో ఎక్కించే బాధ్యత మా గదిది.