మహమ్మారి వేళ క్యాన్సర్ సమాచారం: పంచుకునే ముందు గమనించవలసినవి

ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి ప్రధాన కేంద్రంగా ఉన్న బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడ్డాయి. నెహ్రూ నగర్ వంటి పేటలలో ఉండేవారికి క్యాన్సర్ ఉన్నత చికిత్స అంటే తరచూ రైలు ప్రయాణమే. రాయ్‌పూర్‌లోని అంబేడ్కర్ ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ముంబయిలోని టాటా మెమోరియల్ అందుకు గమ్యాలు.

2020 మార్చి చివరి వారంలో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. మే 12న న్యూదిల్లీ నుంచి కదిలిన తొలి ప్రత్యేక రైలు బిలాస్‌పూర్‌కే బయలుదేరింది. ఆ మధ్య ఏడు వారాల పాటు ఎందరో రోగులకు సమాచారం అందించినది చేతిలోని ఫోనే.

ఆగిన చికిత్సలు

దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాలపై జరిపిన అధ్యయనం 2021లో లాన్సెట్ ఆంకాలజీలో వెలువడింది. 2019 మార్చి–మే నెలలతో పోలిస్తే 2020లో అదే కాలంలో కొత్త రోగుల నమోదు 54 శాతం, పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం తగ్గాయి. వైద్యుని చేరుకోలేని వేళ అందిన తప్పుడు సందేశం, ఆలస్యమైన చికిత్సను మరింత ఆలస్యం చేయగలదు.

తప్పుడు మాటకే వేగం

నాలుగు ప్రధాన క్యాన్సర్లపై 2018–19లో సామాజిక మాధ్యమాలలో ఎక్కువగా చలామణి అయిన 200 వ్యాసాలను అమెరికా పరిశోధకులు పరిశీలించారు. వాటిలో 32.5 శాతం వ్యాసాలలో తప్పుడు సమాచారం ఉన్నట్లు తేలింది. సరైన వ్యాసాలకంటే వాటికే పాఠకుల స్పందన ఎక్కువగా లభించింది. కోవిడ్ విషయంలోనూ ఇదే ధోరణి కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ‘ఇన్ఫోడెమిక్’, అంటే సమాచార మహమ్మారి, అని పేర్కొంది. పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకేసారి ఒక్క చాట్‌కు మాత్రమే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి విధించింది. అటువంటి సందేశంపై రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది.

మేలు చేసిన ఉదాహరణ

సామాజిక మాధ్యమాల వల్ల మేలు కూడా జరిగింది. క్యాన్సర్ రోగులకు కోవిడ్ సోకితే ఏమవుతుందన్న ప్రశ్నపై 2020 మార్చిలో ట్విటర్‌లో సాగిన వైద్యుల చర్చ నుంచే ఒక పరిశోధక కూటమి ఏర్పడింది. 928 మంది రోగుల వివరాలతో దాని తొలి ఫలితాలు మే నెలాఖరుకే లాన్సెట్‌లో వెలువడ్డాయి. వారిలో 13 శాతం మంది మరణించినట్లు ఆ అధ్యయనం తెలిపింది. వివరాలను వైద్యులు, ఆరోగ్య సిబ్బంది నమోదు చేయడం, పద్ధతిని బహిరంగంగా చెప్పడం దాని బలం.

పంచుకునే ముందు

• ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి సందేశంలో ఉన్నాయేమో చూడాలి. తేదీ లేని సందేశాన్ని నమ్మరాదు.

• పసుపు, వేప, ఉపవాసం వంటివి క్యాన్సర్‌ను నయం చేస్తాయన్న సందేశాలను పంపరాదు. ఇటువంటి ప్రచారాన్ని నమ్మవద్దని టాటా మెమోరియల్‌కు చెందిన 262 మంది ప్రస్తుత, పూర్వ వైద్యులు 2024 నవంబరులో ప్రకటన చేశారు.

• ఒకరికి పనిచేసిన మందు మరొకరికి సరిపోకపోవచ్చు. క్యాన్సర్ రకం, దశ తెలియకుండా సలహా ఇవ్వరాదు.

• కీమోథెరపీ పొందుతున్నవారికి 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం వస్తే అది అత్యవసర పరిస్థితి. గ్రూపులో ప్రశ్న వేసి జవాబు కోసం ఆగక, వెంటనే వైద్యులను సంప్రదించాలి.

• రోగి అనుమతి లేకుండా పేరు, బయాప్సీ నివేదిక, ఛాయాచిత్రం పంచుకోరాదు.

ఆసుపత్రి పనివేళలు, రక్తదాతల అవసరం, 2020లో ప్రభుత్వం ప్రారంభించిన ఈ-సంజీవని ఓపీడీ వంటి టెలీవైద్య సేవల వివరాలు పంచుకోదగినవి. అవి కూడా మారుతూ ఉంటాయి కనుక, పంపే రోజున మరొకసారి నిర్ధారించుకోవడం మంచిది.