బంతియాటయు పరీక్షయు



మొన్నటి వేసవిలో నొక సాయంకాలమున మా యింటి అరుగుమీద ఇద్దరు కుఱ్ఱవాండ్రు వాదులాడుకొనుచుండిరి. ఒకడు నా మనుమడు, రెండవవాడు వాని సహాధ్యాయి. వారి వివాదము ఊరి సంగతి గాదు. ఇంగ్లండులోని యొక పట్టణపు ఫుట్‌బాల్ జట్టును గూర్చినది. ఆ జట్టున కింక నొక్క పందెము మిగిలియున్నదట. "మనము ఓడకున్న జాలును. డ్రా యైనను ప్లేఆఫునకు బోవుదుము" అని మావాడనెను. "డ్రా కొఱకు ఆడుమనువాడవు, నీవేమి అభిమానివిరా?" అని రెండవవాడు గద్దించెను. మాటకు మాట పెరిగి, పందెము సంగతి ప్రక్కకు బోయి, అభిమాని యన నెవడను చర్చ పుట్టెను. స్నేహము చెడునంత వఱకు వచ్చి, తుదకు నాయొద్దకు జేరి "తాతగారూ, మీరే చెప్పుడు" అనిరి.

మొదట మాట సంగతి చెప్పితిని. సంస్కృతమున అభిమానమనగా "నేను, నాది" యను భావము. సాంఖ్యులు అహంకారమునకు లక్షణముగా జెప్పినది దీనినే. తెలుగున నది మెత్తబడి ఆదరమును, ఆత్మగౌరవమును గూడ దెలుపుచున్నది. ఆ జట్టులోని ఆటగాండ్రెవరును వీరి నెఱుగరు. అయినను వీరు "మనము" అనుచున్నారు. కావున సాంఖ్యుల యర్థమే యిచ్చట చక్కగా నతుకును. ఇంగ్లీషువారి ఫ్యాన్ అను మాట ఫెనాటిక్ అనుదానికి కుఱుచరూపమని నిఘంటుకారులలో పెక్కురి మతము. దాని మూలము లాటిను భాషలో దేవాలయమను నర్థముగల ఫానమ్ అను పదము. గుడిలో పూనకము వచ్చినవాడు ఫెనాటికస్. 19వ శతాబ్దము చివర అమెరికాలో బేస్‌బాల్ పందెములకు మఱగినవారికి ఆ పేరు వచ్చెను. జాతరలు చూచిన మనకు దీనిని వివరింప బనిలేదు.

"మఱి డ్రా కొఱకు ఆడుట తప్పా?" అని మనుమడడిగెను. ఇది నిఘంటువుతో దీఱెడి ప్రశ్న గాదు. చరిత్ర చెప్పవలసి వచ్చెను.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు 1888లో 12 జట్లతో నారంభమయ్యెను. దానికి మూలపురుషుడు బర్మింగ్‌హామునందలి ఆస్టన్ విల్లా జట్టు నిర్వాహకులలో నొకడైన విలియమ్ మెక్‌గ్రెగర్. 1892లో రెండవ తరగతిని జేర్చిరి. తెలుగున బంతి యనగా ఆడుకొను చెండు. పంక్తి శబ్దమునకు వికృతియైన బంతియు నున్నది. విందులో బంతిని గూర్చుంటిమందుము గదా! ఈ యాటలో నా రెండు బంతులును గలవు. ఒకటి కాళ్లనడుమ దొర్లునది, రెండవది జట్లు గూర్చుండు వరుస. పై బంతిలో చోటెవరికి దక్కవలెను? దీనిని దేల్చుటకు 1893లో టెస్టు మ్యాచులను బెట్టిరి. పై తరగతిలో కడపటి మూడు జట్లతో క్రింది తరగతిలో మొదటి మూడు జట్లు తలపడవలెను. ఆ యేడు క్రింది తరగతిలో ప్రథమస్థానము స్మాల్ హీత్ జట్టుది. అది న్యూటన్ హీత్ జట్టుతో నాడగా 1-1 సమమయ్యెను. మరల నాడగా 5-2 తేడాతో నోడి క్రిందనే నిలిచెను. ఏడాది శ్రమయంతయు నట్లు వ్యర్థమయ్యెను. ఆ న్యూటన్ హీత్ జట్టే 1902లో మాంచెస్టర్ యునైటెడ్ అని పేరు మార్చుకొనినది.

టెస్టు అను మాట పూర్వము వెండిబంగారముల వన్నె దేల్చు మట్టిమూసకు పేరు. నిప్పుమీద బెట్టినగాని మూసలో లోహము నిజము చెప్పదు. 1896 నుండి ఈ పరీక్ష తీరు మాఱినది. పైనుండి రెండు, క్రిందనుండి రెండు, మొత్తము నాలుగు జట్లు. పైవి రెండును క్రిందివి రెంటితో చెఱి రెండుమాఱు లాడవలెను. గెలుపునకు రెండంకెలు, సమమునకు ఒకటి. ముందు నిలిచిన రెంటికే పై తరగతి. 1898లో ఆ నాలుగు జట్లు స్టోక్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బర్న్‌లీ, న్యూకాసిల్ యునైటెడ్. ఏప్రిల్ 30వ తేదీన స్టోక్, బర్న్‌లీ జట్లు తమ కడపటి పందెమున కలిసికొనెను. సమమైనచో నిరువురును పై తరగతి జేరుదురు. ఇంకేమున్నది! ఇరుపక్షములును గోలువంక గట్టిగా దన్నక కాలము గడపెను. పందెము 0-0. విసిగిన ప్రేక్షకులు తమవద్దకు వచ్చిన బంతిని తిరిగి యియ్యక దాచిరని చెప్పుదురు. మూస యున్నది, లోహమున్నది. నిప్పు మాత్రము లేదు.

ఈ యపవాదముతో లీగువారు టెస్టు మ్యాచులను మానిరి. రెండు తరగతులను 16 జట్లనుండి 18కి బెంచి, ఆ నాలుగు జట్లకును పైన చోటిచ్చిరి. అటుపిమ్మట కడపటి రెండు దిగుటయు, మొదటి రెండు ఎక్కుటయు వానియంతట నవియే జరుగునట్లు నియమమయ్యెను. దాదాపు తొంబదియేండ్లకు, 1987లో, ఆ పరీక్ష ప్లేఆఫ్ అను పేరుతో మరల వచ్చెను. తేలని పందెమును ఆడి తేల్చుటయని దాని భావము. ఆ యేడు పై తరగతి చోటునకై చార్ల్‌టన్, లీడ్స్ జట్లు చెఱియొకటి గెలిచి, మూడవ పందెమున కెక్కెను. అదనపు కాలమున మొదట లీడ్స్ గోలు చేసెను. పిదప చార్ల్‌టన్ ఆటగాడు పీటర్ షర్ట్‌లిఫ్ రెండు గోళ్లు చేసి తన జట్టును నిలిపెను. నిప్పుగల మూస యిది.

"అయితే స్టోక్ వారిది తప్పా, నియమము చేసినవారిదా?" అని సహాధ్యాయి యడిగెను. నేను చిరకాలము పరీక్షలు పెట్టినవాడను. ప్రశ్న లిట్టివే యని పిల్లలకు ముందే తెలియునట్లు పత్రము గూర్చిన సంవత్సరములును గలవు. అందఱు నుత్తీర్ణులైరి, ఎవరి చదువెంతయో నాకు దెలియలేదు. ఆ దోషము పిల్లలది గాదు, నాది. పరీక్షయనగా పరి, ఈక్షణము, అన్ని వైపుల జూచుట. పెట్టువాడు ముందుగా జూడవలెను. అట్లని ఆటగాండ్రకు పూర్తిగా విముక్తి లేదు. వెల యిచ్చి యాట జూడవచ్చినవారికి ఆట చూపవలసిన ఋణము వారిది. ఆ ఋణము తీర్చుచు నాడగా డ్రా యైనచో నది ధర్మమే. ఆడకయే సమము చేసికొన్నచో నది ధర్మము గాదు.

పిల్లలిరువురును కొంత తడ వూరకుండి, పిదప కలిసియే ఆ పందెము చూడబోయిరి. గెలుపోటములు నేనడుగలేదు.

పెద్దలారా! మన పిల్లలు దూరదేశపు టాటకై కలహించునపుడు కసరి పంపకుడు. వారాడిన మాటలలో నొక్కదాని యర్థ మడుగుడు. కోపము చల్లారును, కథ మొదలగును.